అయోర్టిక్ వాల్వ్ మార్చాక ఈఎఫ్ ఎప్పటికి పెరుగుతుందండీ? మావయ్యగారికి 35 వచ్చి మళ్ళీ 32 అంటున్నారు

రాజోలు_కోడలు
అందరికీ నమస్కారమండి. మా మావయ్యగారికి 64 ఏళ్ళు, కొబ్బరి తోట, కొంచెం వరి. పోయిన దాళ్వా కోతలప్పటి నుంచి కాలవ గట్టు ఎక్కితే ఆయాసం, రాత్రిళ్ళు రెండు దిళ్ళు పెట్టుకుంటే గానీ పడుకోలేకపోవడం. అడిగితే వయసైపోతోందిలే అనేవారు. ఒకరోజు తోటలో కళ్ళు తిరిగి పడిపోయారు. కాకినాడ తీసుకెళితే ఎకో తీసి, అయోర్టిక్ వాల్వ్‌కి (గుండె నుంచి పెద్ద రక్తనాళంలోకి రక్తం వెళ్ళే తలుపు) పుట్టుకతోనే మూడు రెక్కల బదులు రెండే ఉన్నాయి, సున్నం పట్టి బాగా మూసుకుపోయింది అన్నారు. మీన్ గ్రేడియంట్ (వాల్వ్‌కి అటూ ఇటూ ఒత్తిడి తేడా) 46, వాల్వ్ ఏరియా 0.7, ఈఎఫ్ (గుండె ఒక దెబ్బకి తోసే రక్తం శాతం) 30. యాంజియోగ్రామ్‌లో బ్లాకులేమీ లేవు. ఓపెన్ సర్జరీ చేసి టిష్యూ వాల్వ్ (జంతువు కణజాలంతో చేసినది) పెట్టారు. డిశ్చార్జి ముందు ఈఎఫ్ 35 అని రాశారు. ఇంటికొచ్చాక, ఎందుకైనా మంచిదని దగ్గర్లో ఉన్న స్కానింగ్ సెంటర్లో మళ్ళీ ఎకో తీయిస్తే 32 అట, పైగా "సెప్టమ్ కదలిక సరిగా లేదు" అని ఒక లైను.

ఇక చూడండి టెన్షన్. మా మరిది కువైట్ నుంచి రోజూ ఫోన్ చేసి "వదినా, ఇప్పుడెంత శాతం" అని ఒకటే ప్రశ్న. మనిషి మాత్రం ముందుకన్నా బాగున్నారండి, ఒక్క దిండు మీదే పడుకుంటున్నారు, మాట ఆగకుండా మాట్లాడుతున్నారు. మరి నంబరు ఎందుకు తగ్గింది? ఎవరికైనా ఇలా అయిందా?

అమలాపురం_బాబాయ్
అమ్మా, ముందు నువ్వు కాస్త నెమ్మదించు. నాకు ఆపరేషన్ ముందు 35. నెల రోజులకి కూడా 38 దగ్గరే ఉంది. ఏడాదికి 50 దాటింది. నాదీ మూసుకుపోయిన వాల్వే. మనిషి పడుకోగలుగుతున్నాడంటే అదే మొదటి రిపోర్టు అనుకో.

ఎకో_తణుకు
నేను ఎకో తీసే పనిలోనే ఉన్నానండి, కాబట్టి ఈ 35, 32 గొడవ గురించి చెప్పనివ్వండి. రోజూ ఎవరో ఒకరు ఈ కాగితాలు పట్టుకుని వచ్చి నా మీద అరుస్తూనే ఉంటారు.

ఈఎఫ్ అంటే ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక దెబ్బకి ఎంత భాగం బయటికి పోతోందన్న లెక్క. ఆరోగ్యవంతులకి కూడా నూటికి నూరు రాదు, 55 నుంచి 70 మధ్య ఉంటే మామూలే. అంటే 32ని వందలో 32 మార్కులని చదవకూడదు. రెండోది, ఆ కొలత తీసేవాడి చేతిని బట్టి, మిషన్ని బట్టి, ఆ పూట బీపీని, నాడిని బట్టి మారుతుంది. ఒకే మనిషికి ఒకే రోజు ఇద్దరం తీస్తే ఐదు పాయింట్లు అటూ ఇటూ రావడం మాకు వింత కాదు. కొందరు గది అంచులు గీసి లెక్క కడతారు, కొందరు కళ్ళతో చూసి అంచనా రాస్తారు. రిపోర్టులో రెండూ ఒకేలా కనబడతాయి. కాబట్టి మీ 35, 32 నా లెక్కలో ఒకటే నంబరు.

ఇక సెప్టమ్ సంగతి. ఛాతీ తెరిచి ఆపరేషన్ చేసిన చాలామందికి గుండె మధ్యగోడ తర్వాత కొన్నాళ్ళు తేడాగా కదులుతుంది. ప్రతి దెబ్బకీ గోడ మందమవడం బాగానే ఉంటుంది, కదిలే దిక్కు మాత్రం ఎదురుగా ఉంటుంది. ఆపరేషన్ అయిందని తెలియని వాళ్ళు చూస్తే కంగారు పడతారు, ఆ గోడని చూసి ఈఎఫ్ కూడా కాస్త తక్కువేస్తారు. ఈసారి ఎకోకి వెళ్ళినప్పుడు పాత రిపోర్టులు, ఆపరేషన్ కాగితం, వాల్వ్ కార్డు (కంపెనీ, సైజు రాసి ఇస్తారు కదా) అన్నీ తీసుకెళ్ళండి. కుదిరితే ఆపరేషన్ చేసిన చోటే, ఒకరి చేతే తీయించండి. ఊరికో సెంటర్లో తీయించి పోల్చుకుంటే ఎవరికీ నిద్ర పట్టదు.

రాజోలు_కోడలు
చాలా థాంక్సండి, ఈ సెప్టమ్ సంగతి ఎవ్వరూ చెప్పలేదు. మరి ఎకో ఎప్పుడెప్పుడు తీయించాలండి?

ఎకో_తణుకు
మీ డాక్టరుగారు చెప్పినట్టే. మామూలుగా నెలా రెండు నెలల్లో ఒకటి, కొత్త వాల్వ్‌కి ఇదే మొదటి లెక్క అని పెట్టుకోడానికి. ఈఎఫ్ తక్కువున్న వాళ్ళకి మళ్ళీ ఆరు నెలలకి, ఏడాదికి చూస్తుంటారు. వారం వారం తీయించడం డబ్బు దండగ.

లేసు_అల్లిక (నరసాపురం)
రాజోలు అక్కా, మావారిది వేరే రకం. ఆయనకి మూసుకుపోలేదు, లీకు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి వాల్వ్ పాడైందట. ఏళ్ళ తరబడి లీకైన రక్తం మళ్ళీ గుండెలోకే వచ్చి గది సాగిపోయింది. ఆపరేషన్ ముందు ఈఎఫ్ 45, మెటల్ వాల్వ్ పెట్టాక 35కి పడింది! నేను ఐసీయూ బయట కూలబడిపోయాను. సర్జన్ గారు వచ్చి ఇది అనుకున్నదే అన్నారు. లీకు ఉన్నప్పుడు గుండెలోకి రక్తం ఎక్కువ నిండుతుంది, అలా సాగిన గది ఇంకాస్త గట్టిగా తోస్తుంది, అందుకని లెక్కలో శాతం ఎక్కువ కనబడుతుంది. లీకు మూసేశాక అసలు బలం బయటపడుతుంది. శాతం కన్నా గది సైజు తగ్గుతోందా లేదా చూడమన్నారు. నిజంగానే మొదటి ఎకోలోనే సైజు తగ్గింది. ఇప్పుడు 45 దగ్గర నిలబడిపోయింది, అంతకన్నా పెరగలేదు, బహుశా పెరగదు కూడా అన్నారు. పని చేసుకుంటున్నారు, బండి నడుపుతున్నారు. ఇక్కడ ఒక్కొక్కరి నంబరు చూసి పోల్చుకునే ముందు మీది మూసుకుపోవడమా, లీకా అని అడగండి.

పీజీ_రాజమండ్రి
పైన అక్కగారు చెప్పినది కరెక్టు, దాన్నే కాస్త విడమరుస్తాను. (మెడిసిన్ పీజీని, కార్డియాలజిస్టుని కాదు. మీ డాక్టర్ మాటే ఆఖరు.)

మూసుకుపోయిన వాల్వ్ అంటే పంటకాలవ తూము తలుపు ముప్పావు వంతు దించేసి, ఇంజిన్ని మాత్రం అంతే నీళ్ళు తోడమన్నట్టు. ఇంజిన్ బిగిసి బిగిసి పనిచేస్తుంది. గుండె కండరం కూడా ముందు మందం పెంచుకుని తట్టుకుంటుంది, ఇక తట్టుకోలేనప్పుడు ఈఎఫ్ పడిపోతుంది. ఇలాంటి కేసుల్లో కండరం చచ్చిపోయిందని కాదు, ఎదురు ఒత్తిడికి తాళలేకపోతోందని. వాల్వ్ మార్చగానే ఆ ఒత్తిడి పోతుంది కనుక కొందరికి రోజుల్లోనే ఈఎఫ్ పెరుగుతుంది, ఎక్కువమందికి మూడు నుంచి ఆరు నెలల్లో తేలుతుంది. మందమైన కండరం పలచబడడం ఇంకా నెమ్మది. మొదటి ఏడాదిలో ఎక్కువ భాగం తగ్గి, తర్వాతా కొంచెం కొంచెం తగ్గుతూ ఉంటుంది. గుండె సడలి నిండే శక్తి అన్నిటికన్నా ఆలస్యంగా వస్తుంది. అందుకే ఈఎఫ్ 55 వచ్చినా మెట్లెక్కితే ఆయాసమనే వాళ్ళు ఉంటారు, వాళ్ళేం నటించడం లేదు.

ఏది మంచి సూచన అంటే, ఆపరేషన్ ముందు గ్రేడియంట్ ఎక్కువ ఉండడం. మీ మావయ్యగారికి 46 ఉంది, అంటే ఈఎఫ్ 30తోనే గుండె అంత ఒత్తిడి పుట్టించగలిగింది, కండరంలో దమ్ముందన్నమాట. బ్లాకులు లేకపోవడం, పాత హార్ట్ ఎటాక్ లేకపోవడం ఇంకో రెండు మంచి సంగతులు. గ్రేడియంట్ 40 లోపు ఉండి ఈఎఫ్ కూడా తక్కువుంటే చిక్కు. వాల్వ్ వల్ల గుండె నీరసించిందా, గుండె నీరసించడం వల్ల వాల్వ్ సరిగా తెరుచుకోవడం లేదా అని తేల్చడానికి డోబుటమిన్ (గుండె గట్టిగా కొట్టుకునేలా చేసే మందు) ఇచ్చి ఎకో తీస్తారు, లేదా సీటీలో వాల్వ్ మీద ఎంత సున్నం ఉందో లెక్క కడతారు. ఆ సున్నం స్కోరు మగవాళ్ళకి 2000, ఆడవాళ్ళకి 1200 దాటితే గట్టిగా మూసుకుపోయినట్టే లెక్క.

ఈఎఫ్ పెరగకపోతే చూడాల్సినవి కొన్నున్నాయి. కండరంలో మచ్చ కట్టేసిందా (ఎమ్మారైలో కనబడుతుంది, ఆ మచ్చ పోదు), కొత్త వాల్వ్ మనిషి ఒళ్ళుకి చిన్నదైందా, వాల్వ్ పక్క నుంచి లీకుందా, నాడి క్రమం తప్పిందా, బీపీ అదుపులో ఉందా. వాల్వ్ మార్చాం కదా అని బీపీని వదిలేస్తారు చాలామంది. తూము తెరిచాక కూడా దిగువన కాలవ పూడితే ఇంజిన్‌కి అదే బాధ.

ఉండి_చెరువులు
నాకు మెటల్ వాల్వ్. తిరువనంతపురం శ్రీచిత్రలో తయారుచేసిన రకం, 1990లో మొదటిసారి మనిషికి పెట్టారట అది. రాత్రి ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే టిక్ టిక్ మని వినబడుతుంది, మా మనవడు చెవి పెట్టి వింటాడు. ఈఎఫ్ 40 నుంచి 55కి వచ్చింది, అందులో నా గొప్పేం లేదు.

నేను చెప్పేది ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చూసే టెస్టు) గురించి. మావయ్యగారికి టిష్యూ అన్నారు కనుక మూడు నెలలు రక్తం పలచబడే మందు ఎసిట్రోమో వార్ఫరినో వేసి తర్వాత ఆపేయొచ్చు, మాలాంటి వాళ్ళకి జీవితాంతం. అయోర్టిక్ మెటల్ వాల్వ్‌కి మామూలుగా ఐఎన్ఆర్ 2 నుంచి 3 మధ్య ఉంచమంటారు, నాడి దడ ఉన్నా, ఈఎఫ్ బాగా తక్కువున్నా ఇంకాస్త పైన పెడతారు. నన్ను గోంగూర మానేయమన్నారు ఊళ్ళో వాళ్ళు. డాక్టరుగారు నవ్వి, మానక్కర్లేదయ్యా, ఒక వారం ఆకుకూరలే తిని ఒక వారం అస్సలు ముట్టకుండా ఉండకు, ఎప్పుడూ ఒకే తీరున తిను అన్నారు. ఆకుకూరల్లో విటమిన్ కె మందుకి ఎదురు పనిచేస్తుందట. ఇప్పుడు గోంగూర, తోటకూర వారానికి ఇన్నిసార్లు అని మా ఆవిడే లెక్కగా వండుతుంది.

ఇంకొకటి. ఒళ్ళునొప్పులంటే ఆర్‌ఎంపీ చేత డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడం మనకి అలవాటు. ఈ మందు మీద ఉన్నవాళ్ళు అది అస్సలు చేయకూడదు, రక్తం పోతుంది. ఈఎఫ్ తక్కువున్న వాళ్ళకి దానివల్ల ఒంట్లో నీరు కూడా పడుతుంది.

పెనుగొండ_కుర్రోడు
ఉండి బాబాయ్ గారూ, టెస్టులు అక్కర్లేని కొత్త రక్తం పలచబడే మందులు వచ్చాయి కదా, మా నాన్న మెటల్ వాల్వ్‌కి అవి వేయొచ్చా?

పీజీ_రాజమండ్రి
వద్దు తమ్ముడూ. మెటల్ వాల్వ్‌కి అవి పనికిరావు. వాటిలో ఒకటైన డాబిగాట్రాన్‌ని మెటల్ వాల్వ్ ఉన్నవాళ్ళకి ఇచ్చి చూసిన పరిశోధనని మధ్యలోనే ఆపేశారు, ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. గడ్డలూ ఎక్కువే, రక్తస్రావమూ ఎక్కువే. ఎసిట్రోమ్ మీదే ఉండమనండి.

ప్రకృతి_జీవనం
ఇంగ్లీషు మందులు ఎన్నాళ్ళు మింగుతారండి. తెల్లమద్ది బెరడు కషాయం 40 రోజులు పాలతో తాగితే ఈఎఫ్ 60కి వస్తుంది. మా దగ్గర దొరుకుతుంది, మెసేజ్ పెట్టండి.

ఉండి_చెరువులు
వచ్చాడండీ.

లేసు_అల్లిక (నరసాపురం)
తెల్లమద్ది మంచిదో కాదో తర్వాత. 40 రోజులకి 60 అని రాసిచ్చేవాణ్ణి నమ్మకండి. ఎసిట్రోమ్ వేసుకునేవాళ్ళు డాక్టరుకి చెప్పకుండా ఏ కషాయమూ తాగకూడదు, ఐఎన్ఆర్ ఎటు పోతుందో తెలీదు. ఆ మెసేజ్ తీసేయమని నిర్వాహకులకి చెప్పాను.

రాజోలు_కోడలు
ప్రస్తుతానికి మందులు ఇవండి: బిసోప్రొలాల్, రామిప్రిల్, స్పైరనొలాక్టోన్, టోర్సెమైడ్, ఎకోస్ప్రిన్, ఎసిట్రోమ్. ఉప్పు తగ్గించమన్నారు, ఎంత తగ్గించాలో చెప్పలేదు. ఇంకోటి, తోట మాదే కనుక ఆయన పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి కొబ్బరి బొండం తాగుతున్నారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా బొండాలే తెస్తున్నారు, వీధి అరుగు మీద గెలలకి గెలలు పడున్నాయి.

పీజీ_రాజమండ్రి
అక్కా, బొండాలు ఇవాళే ఆపించండి, కనీసం డాక్టర్‌ని అడిగేదాకా. మీ లిస్టులో రామిప్రిల్, స్పైరనొలాక్టోన్ రెండూ ఒంట్లో పొటాషియం నిలబెట్టే మందులు. కొబ్బరి నీళ్ళ నిండా పొటాషియమే. మామూలు మనిషికి ఎక్కువైనది కిడ్నీలు పంపించేస్తాయి. ఈ రెండు మందులూ వేసుకుంటూ, పైగా 64 ఏళ్ళ వయసులో రోజుకి రెండు బొండాలంటే పొటాషియం పెరిగి గుండె లయ తప్పవచ్చు. నీరసం, కాళ్ళు బరువెక్కడం తప్ప ముందు గుర్తులు పెద్దగా ఉండవు. రేపే పొటాషియం, క్రియాటినిన్ టెస్టు చేయించండి, చిన్న టెస్టు, ఏ ల్యాబ్‌లో అయినా చేస్తారు. మందులు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

ఉప్పు అంటే రోజు మొత్తానికి ఒక టీస్పూను, 5 గ్రాములు దాటకూడదు. కూరలో తగ్గించి పక్కన ఆవకాయ వేసుకుంటే లెక్క పోయినట్టే. ఎండుచేపలు, అప్పడాలు, ఊరమిరపకాయలు, బేకరీ సరుకు అన్నీ అందులోకే వస్తాయి. పొద్దున్నే బాత్రూముకెళ్ళొచ్చాక, టిఫిన్ ముందు బరువు చూసి గోడ క్యాలెండర్లో రాయండి. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. వెంటనే ఫోన్ చేయాలి.

అమలాపురం_బాబాయ్
కోనసీమలో పుట్టి బొండం తాగొద్దంటే ఎలాగయ్యా అని నేనూ గొడవ పడ్డాను. నాకు 5.8 వచ్చింది పొటాషియం. అప్పుడు నోరు మూసుకున్నాను. పండక్కి మాత్రం రెండు గుక్కలు, అదీ డాక్టరుగారు మందు డోసు మార్చాకే.

అమ్మా, నడక గురించి కూడా చెప్తాను. మొదట ఇంట్లోనే వసారా ఆ చివర నుంచి ఈ చివరికి. తర్వాత వీధి మలుపు దాకా, ఆ తర్వాత కాలవ గట్టు. నడుస్తూ మాట్లాడగలగాలి, మాట తెగిపోతుంటే వేగం తగ్గించాలి. ఎండాకాలం మన దగ్గర ఉక్క సంగతి తెలుసుగా, నీరు లాగే మాత్ర వేసుకుని తొమ్మిదింటికి గట్టు మీదికెళితే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. ఆరింటికే వెళ్ళి వచ్చేయాలి. రొమ్ము ఎముక అతుక్కోడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, అంతవరకు బిందె ఎత్తడం, మోటారు సైకిల్ నడపడం, మంచం మీద చేతులు ఊని లేవడం వద్దు. దగ్గు వస్తే దిండు గుండెకి హత్తుకుని దగ్గాలి.

ద్వారపూడి_రైస్
ఇక్కడ అందరూ బాగుపడిన కథలే చెప్తున్నారు కనుక రాయాలా వద్దా అని ఆలోచించాను. మా అమ్మకి వాల్వ్ మార్చినా ఈఎఫ్ 25 నుంచి 28 దగ్గరే ఉండిపోయింది. అమ్మకి అంతకుముందే ఒక ఎటాక్ వచ్చింది, షుగరు, పైగా వాల్వ్ సంగతి తెలిశాక కూడా పెళ్ళిళ్ళనీ, ఆషాఢమనీ మా ఇంట్లో చాలా వాయిదా వేశారు. ఆయాసం మొదలయ్యాక మూసుకుపోయిన వాల్వ్‌తో ఎక్కువ కాలం గడవదని ఒక డాక్టరు ముందే చెప్పారు. ఆపరేషన్ తర్వాత రెండేళ్ళు మాతో ఉంది, ఆ రెండేళ్ళూ ఆస్పత్రి మంచం మీద కాదు, ఇంట్లో తిరుగుతూ ఉంది. ఈఎఫ్ పెరగకపోయినా ఆయాసం తగ్గింది, అదీ నిజమే. ఆపరేషన్‌కి తటపటాయిస్తున్న వాళ్ళెవరైనా ఈ పేజీ చదువుతుంటే వాళ్ళ కోసం రాశాను.

లేసు_అల్లిక (నరసాపురం)
రాసినందుకు థాంక్స్ అన్నయ్యా. ఇలాంటివే అసలు రాయాలి.

రాజోలు_కోడలు
అప్‌డేట్ అండి. ముందు పొటాషియం సంగతి: 5.4 వచ్చింది. డాక్టరుగారు స్పైరనొలాక్టోన్ సగానికి తగ్గించి, బొండాలు పూర్తిగా ఆపమన్నారు, వారానికి మళ్ళీ చూస్తే 4.6. పీజీ తమ్ముడికి మా ఇంటిల్లిపాదీ దండాలు. వచ్చిన గెలలు పక్క గుడికి పంపేశాం.

ఆరు నెలల ఎకో ఆపరేషన్ చేసిన చోటే తీయించాం. ఈఎఫ్ 48. ఎడమ గది కొలత 6.1 నుంచి 5.3కి తగ్గింది. కొత్త వాల్వ్ గ్రేడియంట్ 11, లీకు లేదు. ఎసిట్రోమ్ మూడు నెలలకే ఆపేశారు, ఎకోస్ప్రిన్ ఒక్కటే. బిసోప్రొలాల్, రామిప్రిల్ మాత్రం ఆపేది లేదన్నారు, పెరిగింది కదా ఇంకెందుకు అని మావయ్యగారు అడిగితే "ఆ మందుల వల్ల కూడా పెరిగింది కనుక" అన్నారు. మా మరిదికి 48 అని చెప్పగానే "మిగతా 52 ఎప్పుడు వదినా" అన్నాడు. తణుకు వారి పోస్టు మొత్తం వాట్సాప్‌లో పంపించాను.

ఎకో_తణుకు
హహ్హ. 48కి స్వీటు పంచొచ్చు. ఆ గ్రేడియంట్ 11ని జాగ్రత్తగా రాసిపెట్టుకోండి, ఐదారేళ్ళ తర్వాత అది పెరుగుతూ పోతే టిష్యూ వాల్వ్ అరుగుతోందని ముందే పట్టుకోవచ్చు. టిష్యూ వాల్వ్‌లు సాధారణంగా 10 నుంచి 15 ఏళ్ళు వస్తాయి.

రాజోలు_కోడలు
ఒక్క చివరి ప్రశ్న అండి. ఆయనకి వెనక దంతం పుచ్చింది, పీకించాలంటున్నారు. మన ఊరి డెంటిస్టు దగ్గరకి మామూలుగానే వెళ్ళిపోవచ్చా?

పీజీ_రాజమండ్రి
అలా వెళ్ళకూడదక్కా. కొత్త వాల్వ్ ఉన్నవాళ్ళకి పన్ను పీకినప్పుడు నోట్లో సూక్ష్మజీవులు రక్తంలోకి వెళ్ళి వాల్వ్ మీద కూర్చునే ప్రమాదం ఉంది. మామూలుగా పీకడానికి అరగంట నుంచి గంట ముందు అమోక్సిసిలిన్ 2 గ్రాములు ఒకేసారి ఇస్తారు. పెన్సిలిన్ పడని వాళ్ళకి వేరే మందు ఉంది. మీ కార్డియాలజిస్టు చేత చీటీ రాయించుకుని, డెంటిస్టుకి వాల్వ్ కార్డు చూపించండి. అలాగే ఇకమీదట ఎప్పుడైనా జ్వరం వచ్చి తగ్గకపోతే ఊళ్ళో యాంటీబయాటిక్ సూది వేయించేయకండి, ముందు బ్లడ్ కల్చర్ తీయాలి. సూది ముందు పడితే కల్చర్లో ఏమీ దొరక్క జబ్బు తేలదు.

రాజోలు_కోడలు
చిన్నప్పుడు పెన్సిలిన్ సూదికి ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయని అత్తయ్యగారు అంటున్నారు. అయితే ఆ సంగతీ చీటీలో రాయిస్తాను. సోమవారం ఫోన్ చేస్తానన్నారు డాక్టరుగారు.